గని గుంతలో మోకాళ్ళ చేప

నాలుగడుగుల చేపను పెయింట్ డబ్బాలో పెట్టుకుని వికారాబాద్ నుంచి తాండూరు దాకా రైల్లో తెచ్చినవాణ్ణి నేను. నాలుగడుగులంటే కొంచెం ఎక్కువే. మూడు. సరే, నా చేత్తో జానెడు. అయినా డబ్బాలో తోక మడుచుకునే వచ్చింది, ఆ మాట మాత్రం నిజం.

అది మా బిడ్డ ఇంట్లోది. వికారాబాద్‌లో వాళ్ళ హాల్లో అద్దాల తొట్టి ఉంది. అద్దానికి పట్టిన పాచి తింటుందని రంగు చేపల మధ్య వేలెడంత నల్ల చేపను కొని వేశారు. ఒంటి మీద గరుకు పెంకు, కిందికి తిరిగిన నోరు, ముళ్ళలాంటి రెక్కలు. అది పెరిగి పెరిగి తొట్టి నీళ్ళన్నీ బురద చేసింది.

"నాయినా, దీన్ని సంపనీకి నాకు చెయ్యొస్తలేదు. మీ దిక్కు యాడన్న నీళ్ళల్ల ఇడిచిపెట్టు" అంది బిడ్డ.

చెయ్యి రాకపోవడం మంచితనమే అనుకున్నాం ఇద్దరం.

మా ఊరు తాండూరు నుంచి కరణ్‌కోట పోయే దారి పక్కన ఉంటుంది. నేను పని చేసినన్నాళ్ళూ నాపరాళ్ళకు పాలిష్ పట్టాను. ఊరి అంచున రాయి అయిపోయి వదిలేసిన గని ఒకటి వాన నీళ్ళతో నిండి ఉంటుంది. మూడు వైపులా బండ, ఒకవైపు తవ్వి పోసిన మట్టి దిబ్బ. గొర్రెలు అక్కడే నీళ్ళు తాగుతాయి. చేపలు పట్టి బతికేవాడొకడు, నన్ను కాకా అని పిలుస్తాడు, ఏటా అందులో రవ్వ, బొచ్చె చేపపిల్లలు పోసి ఎండాకాలంలో వల వేస్తాడు. వాడి ఇల్లు ఆ వల మీదే నడుస్తుంది. ఆ గుంతలో డబ్బా వంచేటప్పుడు వాణ్ణి అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకుంటే నేనెట్లవుతాను? మర్నాడు చాయ్ హోటల్ దగ్గర మొదలుపెట్టాను. ఏడు సముద్రాల అవతలి చేప అన్నాను. చప్పట్లు కొడితే పైకొచ్చి నా ముఖం గుర్తుపడుతుందన్నాను. జనం నవ్వుతున్నారు కదా అని పది రోజులకు ఇంకో మెట్టెక్కి, దాన్ని వదిలిన తొమ్మిదో రోజుకు మోకాళ్ళ నొప్పులు మాయమయ్యాయన్నాను.

"ఏదీ, నడిచి సూపెట్టు" అన్నాడు హోటలాయన.

నడిచాను. పళ్ళు బిగబట్టి రోడ్డు దాకా పోయి, చెయ్యి ఊపి, తిరిగొచ్చాను. ఆ రాత్రి ఎంత మూలిగానో మా ఇంటి గోడకు తెలుసు.

నమ్ముతారని నేనెందుకనుకుంటాను! నమ్మారు. తాండూరు నుంచి స్కూటర్ల మీద, ప్లాస్టిక్ కవర్లలో నీళ్ళు కట్టి, తమ ఇళ్ళ తొట్లలోని చేపల్ని తెచ్చారు. ఎర్రవి, చారలవి, నా దానిలాంటి నల్లవి. తమ మోకాళ్ళకని కొందరు, అత్తగారి మోకాళ్ళకని కొందరు. నేను గట్టు మీద కూర్చుని "ఇటు కాదమ్మా, అటు వదలండి" అని చోటు చూపించేవాణ్ణి. రెండేళ్ళపాటు ఆ గుంతకు నేను పెద్దమనిషిని. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రెండేళ్ళూ హాయిగా గడిచాయి.

ఈ ఎండాకాలం ఆ చేపలు పట్టేవాడు వల తెచ్చి నా మంచం ముందు పడేశాడు. ఎక్కడ పట్టుకున్నా చిరుగులే.

"కాకా, రవ్వ లేదు, బొచ్చె లేదు. ఎన్నిసార్లు ఏసినా గీ నల్ల దయ్యాలే. ముండ్లు వలకు పట్టి చింపుతున్నయ్. కొనేటోడు లేడు, తినేటోడు లేడు. మట్టి దిబ్బ నిండ బొక్కలు వెట్టినయ్."

"ఎవడో తెచ్చి పోసుంటడు" అన్నాను.

వాడు నా వైపు చూశాడు. తిట్టి ఉంటే నేనూ తిట్టేవాణ్ణి.

చిరిగిన వల చుట్టుకుంటూ, "వానలకు గుంత పొంగుతది కాకా. నీళ్ళు వాగుల వడ్డయంటే కాగ్నా నదికే. ఆడ మా వోళ్ళందరి వలలున్నయ్. వానలు రాకముందే మోటరు వెట్టి నీళ్ళు తోడి, ఒక్కటి మిగల్చకుంట ఏరెయ్యాలె" అన్నాడు.

మర్నాడు మోటరు దించుతుంటే ఊరు అడ్డం పడింది. అందరికన్నా ముందు నిలబడింది గొర్రెలు కాసే మా వదిన.

"మోకాళ్ళ చేపను ముట్టుకుంటే నేనూకోను. మా మరిది నడుస్తుండు, నేను నడుస్తున్న, నీ కండ్లెందుకు మండుతున్నయ్ రా?" అని వాడి మీదికి పోయింది.

వాడు మోటరు తాడు పట్టుకుని నా వైపు తిరిగాడు. ఊరంతా కూడా తిరిగింది. నా బతుకులో అంతమంది ఒక్కసారి నా మాట కోసం చూడటం అదే మొదలు. ఇంకో అబద్ధానికి ఎంత మంచి సమయం!

"వదినా, నేను జెప్పింది అబద్ధం" అన్నాను. "అది పిలిస్తే రాదు. అద్దాల తొట్టి చేప. మా బిడ్డ వద్దంటే నేనే తెచ్చి ఇడిసిన. నా మోకాళ్ళ నొప్పులు ఒక్క దినం గూడ తగ్గలే."

"మరి నావి ఎందుకు తగ్గినయ్?"

"నాకేమెరుక? నావైతే తగ్గలే."

ఎవడో నవ్వాడు. "ముసలోడు ఇప్పుడు అబద్ధమాడుతుండు" అన్నాడింకొకడు. నాకు ఒళ్ళు మండింది. అబద్ధం చెప్పినప్పుడు రోడ్డు దాకా నడిపించి మరీ నమ్మినవాళ్ళు, నిజం చెబితే నమ్మరా! లుంగీ ఎగ్గట్టి, మట్టి దిబ్బ పక్క నుంచి నీళ్ళలోకి దిగాను. బొక్కలో చెయ్యి పెట్టి ఒకదాన్ని లాగాను. ముల్లు దిగి అరచెయ్యి చీరుకుపోయింది. దాన్ని వదిన కాళ్ళ ముందు పడేశాను.

"ఇగో నీ దేవుడు. మొక్కుతవో, మోటరు వెట్టనిస్తవో నువ్వే జెప్పు."

ఆమె దాని వైపు, నా నెత్తుటి చెయ్యి వైపు చూసింది. కొంగు చింపి నా మీదికి విసిరింది. "థూ, ముసలి దొంగ" అని పక్కకు జరిగింది. గొర్రెలకు ముందు నీళ్ళు తోడి పెట్టాకే మోటరు వేశాం.

రెండు రోజులు ఏరాం. నీళ్ళ బయట పొద్దంతా పడున్నా చావని మొండిఘటాలవి. గుంట తవ్వి పూడ్చాం. వాటిలో నా చేప ఏదో నేను పోల్చుకోలేకపోయాను.

ఇప్పుడు హోటల్ దగ్గర నన్ను చూడగానే చప్పట్లు కొడతారు. కొట్టుకోనీ. బిడ్డ ఫోన్ చేసి "పోనీ నాయినా, అందరు ఇడిచిన్రు, నీ ఒక్కనిదేనా తప్పు?" అంటుంది. అందరికీ చోటు చూపించింది నేనే కదమ్మా అంటాను. ఇంకా ఎవరైనా కవరు పట్టుకుని వస్తే స్కూటరు దిగనివ్వను. ఇంట్లో పెంచలేకపోతే కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చి రండి, నీళ్ళలో వదిలితే దయ కాదు అంటాను. నీకేం హక్కుందని కొందరు అడుగుతారు. ఈ గుంతను పాడు చేసినవాడి హక్కు అంటాను.

మొదటి పెద్ద వానకు గుంత నిండింది. నీళ్ళు పొర్లే సందుకు చేపలు పట్టేవాడూ నేనూ సన్న కన్నాల జాలీ కట్టి, చుట్టూ రాళ్ళు పేర్చాం. పొద్దున్నుంచీ తడుస్తూ దాని పక్కనే కూర్చున్నాం. మధ్యాహ్నానికి జాలీకి ఒక నల్ల చేపపిల్ల తగులుకుంది. వేలెడు కూడా లేదు.

వాడు దాన్ని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "లోపట ఇంకా ఉన్నయ్ కాకా."

"ఉంటె ఉండనీ, వాగుల వడకుంట జూద్దాం. ఆ రాయి ఇటియ్యి" అన్నాను.

ఈ వానాకాలమంతా నేను అక్కడే కనిపిస్తాను.