ఆముదం మాస్టారి తలంటు సేవలు

నేను పనిచేసిన బడిలో సమాధానం అనే మాస్టారికి ఒక్కటే జబ్బు. ఎండిన తల కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. అందరికీ సిరాబుడ్డి ఉండే జేబులో ఆయనకు ఆముదం సీసా ఉండేది. ఆయన దిద్దిన కాగితాలు అవతలివైపు నుంచి కూడా చదువుకోవచ్చు. ఆయన వేలు పెట్టి చూపించిన పటంలో బంగాళాఖాతం నెల్లూరు దాకా పాకింది.

"పెండ్లిలో ఉంగరం తొడగబోతా నా పాపిట పక్క చూసినాడు. ఏంది ఇట్టా ఎండిపోయిందే అన్నాడు. పాస్టరుగారు ప్రార్థన నిలిపేసినాడు" అని ఆయన భార్య ఎస్తేరమ్మగారు ఇప్పటికీ చెబుతుంది.

అరవై రెండులో పైనుంచి మాకొక సర్క్యులర్ దిగింది. ఎక్కడో పట్నంలో పెద్దమనుషులు ఫ్యాన్ల కింద కూర్చుని, పిల్లలకు మనసు కూడా ఉంటుందని కనిపెట్టారట. ఇకమీదట ప్రతి బడీ మెంటల్ హైజీన్ సేవలు అందించాలట. డాక్టరు రాడు. మనిషిని ఇవ్వరు. ముత్తుకూరు దాపున సముద్రపుగాలికి ఎగిరిపోయిన మా బడి తాటాకు కప్పించలేని వాళ్ళు పిల్లల మనసులు బాగుచేయడానికి బయలుదేరారు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది.

హెడ్మాస్టరు పద్మనాభయ్యగారికి మాత్రం చిటికెలో అర్థమైపోయింది.

"మెంటల్ అంటే తలకాయ. హైజీన్ అంటే శుభ్రం. తలకాయ శుభ్రం. మనకి మనిషి ఉండనే ఉన్నాడు గదయ్యా" అన్నారు.

అలా సమాధానం మాస్టారు మెంటల్ హైజీన్ ఇన్‌చార్జి అయ్యారు. డ్రిల్లు పీరియడు కాస్తా తలంటు పీరియడైంది. పిల్లలు గోడవైపు తిరిగి కూర్చునేవారు. ఆయన వెనక చేరి, ఒక్కొక్క తలా మర్దనా చేస్తూ ఏదో గొణుగుతుండేవారు.

"చదువు చెప్పేదానికొచ్చారా, తలలు వేయించేదానికా?" అని అడిగాను.

"వేయించేదానికి ఈ నూనె చాలదులే" అన్నారు.

నాలుగో తరగతిలో మస్తానమ్మ అని ఒక పిల్ల ఉండేది. తండ్రి ముత్యాలయ్య సముద్రంలో చేపల వేటకు పోయి తుఫానులో తిరిగి రాలేదు. అప్పటినుంచి పిల్ల నోరు విప్పగా మేమెవరం వినలేదు. తల్లి అంకాలమ్మ తెల్లవారకముందే చేపల తట్ట ఎత్తుకుని ఊళ్ళమీద పోవాలి. బడి లేకపోతే ఆ పిల్లకు పగలంతా ఖాళీ గుడిసే గతి.

సేవలు ఎలా సాగుతున్నాయో చూడటానికి ఒక అధికారి వచ్చాడు. మస్తానమ్మ ముందు నిలబడి పేరడిగాడు. పలకలేదు. గద్దించి అడిగాడు. పిల్ల నేలచూపులు చూసింది.

"ఇది మెంటల్ కేసు. ఇలాంటివాళ్ళను బడిలో ఉంచకూడదు. పేరు కొట్టేయండి" అన్నాడు. సేవ అంటే వీళ్ళ లెక్కలో ఇదన్నమాట, మనసు బాగాలేని పిల్లను బయటికి గెంటేయడం. "ఇన్‌చార్జి ఎవరు? ఈ పిల్లకు మీరేం చేశారు?" అన్నాడు మళ్ళీ.

"రోజూ తలంటతా ఉండానయ్యా" అన్నారు సమాధానం మాస్టారు.

అధికారి అదిరిపడ్డాడు. "పిల్లల్ని కసురుకోవద్దని సర్క్యులర్ మొదట్లోనే ఉంది. మీరు రోజూ తలంటుతున్నారా?"

"ఆదివారం గుడికి పోవాల గాబట్టి వదిలిపెడతా."

"నోట మాటలేని పిల్లనా?"

"ఈ బిడ్డకే గట్టిగా అంటేది."

పద్మనాభయ్యగారు పరుగున వచ్చి సీసా చూపించారు. అధికారి ఆముదం తాగిన మొహం పెట్టి, "నూనె రాస్తే మాటలొస్తాయా? కొట్టేయండి పేరు" అన్నాడు.

సమాధానం మాస్టారు పిల్లకు అడ్డంగా నిలబడ్డారు. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు.

"ఇంట్లో చెయ్యేసేవాళ్ళు లేకపోతేనే గదయ్యా బిడ్డ తల ఎండేది. నేను చూసేది దానికోసరం. వెనకమాల నిలబడితే వాళ్ళ మొగం ఎవురికీ కనపడదు. అప్పుడు మనసులోది చెప్తారు. ఈ బిడ్డ కూడా నెలనించీ చెప్తా ఉంది."

"మాతో ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నారు హెడ్మాస్టరు.

"ఆ మాటలు బిడ్డవి గదా, నాయి కాదే."

ఇన్నాళ్ళూ ఆయన్ను మా స్టాఫంతా నూనెపిచ్చివాడనుకుంది.

"నేను నమ్మను" అన్నాడు అధికారి.

"కొట్టేసేదానికి మీరే వస్తిరి. అడిగేదీ మీరే అడగండి" అని సమాధానం మాస్టారు ఆయన అరచేతిలో ఆముదం పోసేశారు.

పోశాక ఏం చేస్తాడు? చొక్కా చేతులు మడిచి, పిల్ల వెనక నిలబడి, తలకు రాయడం మొదలుపెట్టాడు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు.

"నీ పేరేంటమ్మా?"

"మస్తానమ్మ" అంది పిల్ల, గోడతో.

"ఇంట్లో ఎవరున్నారు?"

"మాయమ్మ తట్టకి పోయింది. మా నాయన రాలా."

అధికారి చెయ్యి ఆగిపోయింది.

"ఆపబాకండి సార్" అంది.

ఆయన మళ్ళీ ఆపలేదు. రాస్తూనే హెడ్మాస్టరు వైపు తిరిగి, "పేరు ఉండనివ్వండి" అన్నాడు. చివరికి తలెత్తి చూస్తే, బడి పిల్లలంతా ఆయన ముందు బారులు తీరి, గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు.

"వీళ్ళంతా ఏమిటి?"

"మెంటల్ హైజీనయ్యా. తమరి చేత్తోనే కావాలంట" అన్నారు సమాధానం మాస్టారు.