గంగారాం ఎందుకు పిలిచాడు?

2006లో ఒక శుక్రవారం పొద్దున, చిన్ననాటి దోస్తు గంగారాం దుబాయిలో అల్ కుసైస్‌లోని మా లేబర్ క్యాంపు ముందు కారవాన్ ఆపాడు. పడక, పొయ్యి అన్నీ ఉన్న పెద్ద బండి. తనను పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, కఫీల్‌దట, అడిగే తెచ్చాడట. సముద్రం ఒడ్డున ఫుజైరా దాకా తిరిగొద్దాం, ఎక్కమన్నాడు. ఎక్కాను గానీ నమ్మలేదు. ఎనిమిదేళ్లు ఫోనైనా చేయనివాడు ఊరికే ఫుజైరా దాకా తిప్పుతాడా? దారిలో మూడుసార్లు అడిగాను, "అసలు సంగతేందిరా?" అని. నవ్వి రేడియో సౌండు పెంచాడు.

కొండల మధ్య ఇంజను వేడెక్కింది. పక్కనే ఉన్న ఇంట్లోంచి ఒక అరబ్బు ముసలాయన వచ్చి మమ్మల్ని లోపలికి పిలిచాడు. ఖర్జూరాలు, గావా అనే అరబ్బు కాఫీ, ఆ తర్వాత అన్నం, చేప పెట్టాడు. ఏ ఊరు, ఏం పని అని ఒక్క మాట అడగలేదు. మన దగ్గరైతే మంచినీళ్లు ఇస్తూనే అడుగుతారు. నేను ముద్ద కలుపుతూ వాకిలి వైపే చూశాను.

"పోలీసులకు గిన చెప్పిండా? ఏం అడుగుతలేడు," అన్నాను మెల్లగా.

"వీళ్లు గంతే. ఇంటికొచ్చినోన్ని ఎందుకొచ్చినవని అడుగుడు తప్పంటరు," అన్నాడు గంగారాం, చేప ముక్క నా వైపు జరుపుతూ.

ఇంజను చల్లారాక బయలుదేరాం. తిరుగుదారిలో నాలుగోసారి అడగలేదు. క్యాంపు దగ్గర దిగుతూ, "వచ్చే శుక్రవారం మా రూముకు రా, వండి పెడత," అన్నాను.

గంగారాం స్టీరింగ్ మీద చేతులుంచి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎందుకు? సంగతేంది?"