లోపలేం పాకుతాంది?

ఈ మధ్య నంద్యాలలో మా ఇంటికి పురుగులమందు కొట్టించాను. ఆ వాసన ఇంకా పోలేదు. గొంతులో మండుతోంది, అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే వాసన. మందు కొట్టడానికి వచ్చినతను భుజం మీది డబ్బా దించి, "ఏమేం పురుగులున్నాయి మేడమ్?" అని అడిగాడు. చాలా రోజులకు ఎవరో నాకు తెలిసిన విషయం అడిగారు కదా అని సంబరపడి, బియ్యంలో ముక్కపురుగులు, తలుపు చట్రానికి చెదలు, స్నానాలగదిలో జెర్రులు, చక్కెర డబ్బా చుట్టూ ఎర్రచీమలు అంటూ ఏకరువు పెడుతుంటే, అతను మధ్యలోనే నవ్వి, "అన్నిటికీ ఒకటే మందు మేడమ్" అన్నాడు. డాక్టరుగారి దగ్గరా అంతే అయింది. నిద్ర పట్టడం లేదనీ, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాననీ, ఏదో మరిచిపోయినట్లు ఇల్లంతా తిరుగుతున్నాననీ వివరంగా చెప్పబోతే, "టెన్షన్" అనేసి ఒక మాత్ర రాశాడు. పాపం, ఆయన తప్పేముంది, బయట బెంచీల నిండా జనం. మా జేజి ఉండుంటే మాత్రం ఆ ఇద్దర్నీ చాటలో పోసి చెరిగేది.

జేజి అంటే మా నాయనమ్మ. ఆళ్లగడ్డలో మాది మట్టిమిద్దె ఇల్లు, కింద బేతంచెర్ల బండలు పరిచి ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బండల మీద నీళ్ళు చల్లి, బోర్లా పడుకుని, చెంప ఆనించుకుంటే వచ్చే చల్లదనం నాకు ఇప్పుడు ఏ మిషనూ ఇవ్వడం లేదు. కందులు, శనగలు సంచులకెత్తే రోజుల్లో వసారా అంతా వేపాకు వాసన, ఎండుమిరపకాయల ఘాటు, జేజి నోట్లోని వక్కాకు వాసన కలిసిపోయి ఉండేవి. తొలకరి వానకు చేలో ఎర్రటి ఆరుద్ర పురుగులు లేస్తే అగ్గిపెట్టెల్లో పట్టుకొచ్చి, ఎవరిది మెత్తగా ఉందో వేలితో నిమిరి పందేలు వేసుకునేవాళ్ళం. ఉసిళ్ళు లేచిన సాయంత్రం దీపం కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టి, పడినవాటిని పట్టి వేయించి, బొరుగుల్లో కలిపి పిల్లలకు పంచేది మా అమ్మ. ఇది చెబితే ఇప్పటి పిల్లలు ఛీ అంటారు. అననీ, ఆ రుచి వాళ్ళకెట్లా తెలుస్తుంది!

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. చీకటి పడ్డాక పామును పాము అనకూడదు, పురుగు అనాలి, పేరు పెట్టి పిలిస్తే వస్తుందంటారు కదా. జేజి ఆ పద్ధతిని మనుషుల మనసులకు కూడా పెట్టింది. దిగులు, బెంగ, ఏడుపు అనే మాటలు ఇంట్లో ఎవరూ అనకూడదు, అంటే అవి వచ్చి తిష్ట వేస్తాయని ఆమె గట్టి నమ్మకం. దానికి బదులు పొద్దుగూకే వేళ, పనులన్నీ అయి కాళ్ళు కడుక్కున్నాక, ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి, "ఏమే, లోపలేం పాకుతాంది?" అని అడిగేది. అహోబిలం తిరునాళ్ళ దగ్గరపడితే నాకు కాళ్ళల్లో చీమలు. పక్క చేను ఆయన అన్న మాట మరుపుకు రాకపోతే మా నాయనకు చెవిలో జోరీగ. పుట్టింటి నుంచి కబురు ఆలస్యమైతే అమ్మకు గోమారి, అంటే పశువుకు పట్టే పిడుదు లాగా కరుచుకుని వదలనిదన్నమాట. చెదలు అని మాత్రం ఎవరైనా అంటే జేజి వక్కాకు ఉమ్మేసి దగ్గరకొచ్చి కూర్చునేది. చెద పైకి కనపడదు, వాసం వంగేదాకా తెలియదు, ఆ మాట అన్న మనిషిని ఆ వారమంతా ఒంటరిగా వదిలేది కాదు.

మా మేనత్త ఓబులమ్మ ఒక ఆషాఢంలో పుట్టింటికి వచ్చి, మళ్ళీ అత్తారింటికి పోలేదు. వాళ్ళది దొర్నిపాడు. ఆ ఊరు ఎంతో దూరం కాదు, కానీ ఆడబిడ్డ తనంతట తాను సంచి పట్టుకుని బస్సెక్కి అత్తారింటికి పోవడం మాలో లేదు, వాళ్ళ వైపు నుంచి ఎవరైనా వచ్చి పిలుచుకుపోవాలి. శ్రావణం వచ్చింది, ఎవరూ రాలేదు. పిల్లలు కలగలేదని అక్కడ గొణుగుడు ఉందనీ, ఆమె తోడికోడలు ఇల్లంతా ఏలుతోందనీ కబుర్లు వచ్చేవి. "పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందంట" అని జేజి పళ్ళు నూరేది. దసరా పోయింది, ఉగాది వచ్చింది, బచ్చాలు, అదే బొబ్బట్లు, తిన్నాం, మళ్ళీ ఆషాఢం వచ్చింది. అత్త పూలు కట్టేది, మాతో అచ్చనగాయలు ఆడేది, ఆట మధ్యలో లేచి వీధి గడపలో నిలబడేది, రాయి గాల్లోనే ఉండిపోయేది, నేను ఓడిపోయావని అరిచేదాన్ని. సాయంత్రం జేజి అడిగితే, మొదట్లో "చీమలేమ్మా" అనేది. తర్వాత తర్వాత జెర్రులు అంది. ఒకరోజు మాత్రం చాట పక్కనపెట్టి, "చెద పట్టిందమ్మా" అంది మెల్లగా. ఆ రోజు నుంచి జేజి తన మంచం ఆమె మంచం పక్కకు జరుపుకుంది.

రెండో ఉగాది ముందు మామ వచ్చాడు, ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని. అరటిపండ్ల గెల, కొత్త చీర, పసుపు కుంకుమ తెచ్చాడు. మా నాయన ముఖం చూడాలి అప్పుడు! అమ్మ పరుగున పోయి పొయ్యి వెలిగించింది, అత్త ట్రంకుపెట్టె కిందికి దించింది. నాకైతే ఏడుపే వచ్చింది, అత్త పోతుందని. భోజనాలయ్యాయి. మామ చేయి తుడుచుకుంటూ, "ఇంగ పోదాం పా, బస్సుకు టైమైతాంది" అన్నాడు. జేజి ఆయన వైపు చూడను కూడా చూడకుండా, వాళ్ళందరి ముందూ కూతుర్ని అడిగింది.

"ఏమే, లోపలేం పాకుతాంది?"

"ఏం ల్యా మా. సల్లగుంది. నేను పోను."

మా నాయన లేచి నిలబడ్డాడు. "ఏందీ, పోవా? పిలిచేకి మొగుడే వచ్చినాడు గదా! రేపు ఊరేమంటాది?"

"ఊరొచ్చి బువ్వ పెడతాదా నీ చెల్లెలికి? కూకోరా" అంది జేజి.

మామ కాసేపు చెప్పులు వెతుక్కుంటున్నట్లు వంగి నిలబడి వెళ్ళిపోయాడు. చీర అక్కడే ఉండిపోయింది. మా నాయన అత్తతో చాలా రోజులు మాట్లాడలేదు, వీధిలో వాళ్ళు మాట్లాడాల్సినదానికన్నా ఎక్కువే మాట్లాడారు. అత్త కందుల సంచులూ, జేజి ముసలితనమూ రెండూ తన చేతిలోకి తీసుకుంది. జేజి పోయేదాకా పక్క మంచం వదల్లేదు.

చివరి రోజుల్లో అత్త నంద్యాలలో నా దగ్గరే ఉంది. ఒక పొద్దున ఉగ్గాని తింటుంటే, ఇన్నేళ్ళూ నాలో ఉండిపోయిన మాట అడిగేశాను, ఆ రోజు ఎందుకు పోలేదని. ఆమె పళ్ళెం పక్కన పెట్టింది.

"ఆడ మంచోళ్ళే పాపా. కొట్టల్యా, తిట్టల్యా, బువ్వ పెట్టినారు. అన్నేండ్లలో ఒక్క దినం, ఏమైందే అని ఒక్కరన్నా అడగల్యా. ఏడిస్తే పొయ్యి పొగనుకునేటోళ్ళు. మీ మామ వచ్చినాడు, పా పోదాం అన్న్యాడు. ఎట్లుండావని అడిగినాడా? నువ్వూ ఉంటివి గదా ఆడ."

ఉన్నాను. నిజమే, అడగలేదు. మా నాయనా అడగలేదు, ఆ పెద్దమనిషీ అడగలేదు. అడిగినవాళ్ళ దగ్గర ఆమె ఉండిపోయింది, అంతే.

అత్త పోయి ఏడాది దాటింది. ఆ మాటలన్నీ ఆమెతోనే పోయాయి, ఇప్పుడు చీమలన్నా గోమారన్నా తెలుసుకునేవాళ్ళు నాకెవరూ లేరు. అలసటగా ఉంటుంది, ఏ రకం అలసటో చెప్పుకునే ఓపిక కూడా ఉండదు. పోయిన నెలలో మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం మానేసి, రెండు సంచులతో ఇంటికి వచ్చేసింది. చదువుకున్న పిల్ల, ఏం జరిగిందో ఏమో, అడిగితే నొచ్చుకుంటుందని మా ఆయనా నేనూ అనుకున్నాం. అడగకపోవడమే మర్యాద అనుకున్నాం. నిన్న సాయంత్రం అది తన గదిలో, కిటికీ దగ్గర, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుని ఉంటే లేచి దాని గుమ్మం దాకా పోయాను. అది తలెత్తి చూసింది. నిజంగానే చూసింది, ఏదో అడుగుతానని కనిపెట్టుకుని ఉన్నట్లే చూసింది.

"కాఫీ పెట్టమంటావా?" అన్నాను.