చింతపండు నానబెట్టి వెళ్ళిన శుక్రవారం

గాలం వేయడం నేను ఇసుకలో నేర్చుకున్నాను. దోహా శివార్లలోని అబూ హమూర్‌లో మా వాటా వెనకాల ఖాళీ జాగా ఉండేది. అందులో ఎవరో పారేసిన లారీ టైరు ఒకటి. గాలం వెళ్ళి ఆ టైరు నడిమధ్యలో పడాలి. ఇది తొంభైల్లో, నేను దోహాకి కాపురానికి వచ్చిన కొత్తలో సంగతి. కొల్లేటి పక్క పల్లెలో పుట్టిపెరిగిన దాన్ని, చేపలు పట్టడం ఎడారిలో ఒక అమెరికా ఆయన దగ్గర నేర్చుకున్నానంటే మావాళ్ళు ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోవడం వాళ్ళ తప్పు కాదు. మా ఇంట్లో పట్టేది మగవాళ్ళు, బూడిద రాసి తోమి పులుసు పెట్టేది ఆడవాళ్ళు. గాలపు కర్రని నేను ఎన్నడూ ముట్టుకోలేదు.

అసలు దానికంతటికీ మూలం నా వేవిళ్ళు. మూడో నెల వచ్చినా మంచినీళ్ళు సైతం కడుపులో నిలిచేవి కావు. ఆసుపత్రిలో మలయాళీ డాక్టరమ్మ నా తూకం చూసి, ఇలాగే తగ్గుతూ పోతే ఇక్కడ ఉంచుకోవడం మంచిది కాదు, వచ్చే నెల చూసి పుట్టింటికి పంపించెయ్యమని మా ఆయనతో చెప్పింది. ఫ్యామిలీ వీసా కోసం పెళ్ళయ్యాక ఎదురుచూసి ఎదురుచూసి వచ్చినదాన్ని. మా ఆయనకి సెలవు దొరకదు. నేను వెళితే బిడ్డ పుట్టడం, బోర్లాపడటం, పారాడటం అన్నీ ఆయన ఫొటోల్లోనే చూసుకోవాలి. నేను వెళ్ళనని మొండికేశాను. మొండికేస్తే తూకం పెరగదు కదా. తినాలి.

తినాలంటే నోరు ఒక్కదాన్నే అడిగేది, కొరమీను పులుసు. దోహాలో చేపలకి కరువా? మార్కెట్టుకి వెళితే హమూర్ చేపలు గుట్టలుగా ఉండేవి. కానీ సముద్రపు చేప వాసన తగిలితే చాలు, నేను బాత్రూములోకి పరుగు. నాకు మంచినీటి చేప కావాలి. ఏరూ, కాలువా, చెరువూ ఏదీ లేని దేశంలో నా నోరు దాన్నే పట్టుకు కూర్చుంది.

మా ఆయన ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఆయన మేనేజరు అమెరికా మనిషి, యాభై దాటినవాడు, విల్లాలో ఒక్కడే ఉండేవాడు. ఆయన బల్ల మీద భార్యాబిడ్డల ఫొటో ఒకటైతే, చేపని ఎత్తి పట్టుకుని నవ్వుతున్న ఫొటోలు నాలుగైదు ఉండేవట. ఆ చేప పేరు బాస్. వాళ్ళ దేశంలో చెరువుల్లో, నదుల్లో ఉంటుంది. ఒక గురువారం సాయంత్రం ఆయన మా ఇంటికి టీకి వచ్చి, ఊరి బయట రెల్లు పెరిగిన మంచినీటి మడుగు ఒకటుందనీ, అందులో బాస్ లేకపోయినా చిన్న చేపలు ఉన్నాయనీ, చెయ్యి అలవాటు తప్పకుండా అప్పుడప్పుడూ వెళ్ళొస్తుంటాననీ చెప్పాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మమ్మల్ని తీసుకెళ్ళమని అడగండని మా ఆయనకి సైగ చేశాను.

మా ఆయనకి సిగ్గెక్కువ. నా భార్య కడుపుతో ఉంది, చేపల పులుసు మీద మనసైంది అని మేనేజరుతో ఎలా చెబుతాడు? ఆ మాట మాలో మొదటి నెలల్లో అయినవాళ్ళకి కూడా చెప్పుకోం. అందుకని, మా ఆవిడకి చేపలు పట్టడం నేర్చుకోవాలని చాలా ఆశ అన్నాడు. ఆ పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ఖతార్ వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరట. అయితే ముందు నేల మీద విసరడం రావాలి, ఆ తరవాతే నీళ్ళు అన్నాడు. అలా వచ్చింది టైరు.

పాఠం నేను అనుకున్నంత తేలిక కాదు. కర్రని భుజం మీదుగా వెనక్కి తీసుకుని, మణికట్టుతో ముందుకి విదిలించాలి. దారం చుట్టిన చక్రం మీద బొటనవేలు ఆనించి ఉంచాలి. వేలు తీస్తే దారం పరుగెడుతుంది, ఆలస్యంగా నొక్కితే మొత్తం చిక్కుపడుతుంది. నా మొదటి గాలం టైరు దాకా పోలేదు, మా ఆయన చొక్కా కాలరుకి తగులుకుంది. చిక్కుపడ్డప్పుడల్లా పెద్దాయన ఖల్లీ వల్లీ అంటూ కత్తెర తీసేవాడు. పోతే పోనీ అని అర్థం వచ్చే ఆ అరబ్బీ మాట దోహాలో రాని మనిషి ఉండడు. నేను మాత్రం కత్తెర పెట్టనిచ్చేదాన్ని కాదు. నలుగురు చెల్లెళ్ళకి జడలేసిన చేతులు నావి. ఓపికగా విప్పి మళ్ళీ చుట్టేదాన్ని.

ఆయన పెట్టె తెరిస్తే అందులో ఉన్నవన్నీ దొంగ ఎరలే. రబ్బరు కప్పలు, రంగు పూసిన చెక్క చేపలు, ఊదా రంగు రబ్బరు వానపాములు. ఊదా రంగు వానపామా, ఏ మన్నులో పుడుతుందది అని అడిగించాను. అసలు చేపకి రంగులు తెలుస్తాయా? ఆకలేస్తేనే కొరుకుతుందా? మా ఆయన అటుదిటూ ఇటుదటూ చెప్పలేక అలిసిపోయేవాడు. పెద్దాయన మాత్రం అలిసేవాడు కాదు. బాస్ చేప నాచులోనో, మునిగిన దుంగ పక్కనో దాక్కుంటుందట. ఆకలి లేకపోయినా తన గుమ్మం ముందుకి ఎవరైనా వస్తే ఓర్వలేక మీద పడుతుందట. దాని కోపమే దాన్ని పట్టిస్తుందట. అచ్చం మా పెద్దత్త గుణం అన్నాను. మా ఆయన ఆ ముక్క ఇంగ్లీషులోకి మార్చలేదు.

ఇంకో రోజు ఆయన, గుడ్లు పెట్టాక పిల్లలకి కాపలా కాసేది మగచేప అన్నాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మా కొరమీనూ అంతే కదా! పిల్లలు ఎర్రగా గుంపుగా పైకి తేలుతుంటే కింద పెద్ద చేప కాపలా తిరుగుతుంది. మావాళ్ళు గాలానికి కప్పని కట్టి ఆ పక్కనే ఆడించేవారు. ఆయన పెట్టెలో రబ్బరు కప్ప ఎందుకుందో నాకు అప్పుడు తెలిసింది. ఇదంతా చెబితే ఆయన కొరమీను బొమ్మ గీయమన్నాడు. నేను గీసింది వంకాయలా వచ్చింది. అయినా ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చివరికి ఒక శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి మా ప్రార్థన కూటమూ ఆ రోజే, దానికి ఎగనామం పెట్టాను. ప్రభువు శిష్యుల్లో జాలర్లు లేరా అని సర్దిచెప్పుకున్నాను. వెళ్ళేముందు చింతపండు నానబెట్టాను, ఉల్లిపాయలు తరిగాను, ధనియాలూ మెంతులూ వేయించి దంచిపెట్టాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా ఆయన ఎగతాళి చేశాడు. ఆలూ ఉంది, చూలూ ఉంది, లేనిదల్లా చేపే అన్నాను.

మడుగు నిజంగానే ఉంది. చుట్టూ బోసి నేల, మధ్యలో నిలువెత్తు రెల్లు, పైన తెల్ల కొంగలు. నాకు కొల్లేరు గుర్తొచ్చింది. పెద్దాయన చిన్న గాలానికి వేలి గోరంత రబ్బరు పురుగు గుచ్చి ఇచ్చాడు. రెల్లు పక్కన చోటు చూపించాడు. ఇసుకలో నేర్చుకున్న చెయ్యి మోసం చేయలేదు. మూడో విసురుకి దారం బిగుసుకుంది. టైరు ఎప్పుడూ ఎదురు లాగలేదు కదా, నాకు ఒళ్ళు ఝల్లుమంది. కర్ర వంగింది, కాళ్ళు ఇసుకలో దిగాయి. పెద్దాయన చెయ్యి వేయకుండా పక్కనే నిలబడి, మెల్లిగా, మెల్లిగా అంటున్నాడు. ఒడ్డుకి వచ్చింది అరచెయ్యంత వెడల్పున్న బూడిద రంగు చేప. మా ఇద్దరికీ సరిపోతుంది.

నేను దాన్ని బకెట్లో వేసి మూత పెట్టాను. పెద్దాయన చప్పట్లు కొట్టి, దాన్ని మళ్ళీ నీళ్ళలో వదలడానికి చెయ్యి చాపాడు. నేను బకెట్టుని వెనక్కి లాక్కున్నాను. ఫొటో కావాలేమో అనుకుని ఆయన కారులోంచి కెమెరా తెచ్చాడు. ఇక ఊరుకోలేకపోయాను.

"ఏవండీ, ఇప్పుడైనా నిజం చెప్పండి. దీన్ని వండుకోడానికొచ్చానని చెప్పండి. కడుపుతో ఉన్నానని కూడా చెప్పండి."

మా ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. పెద్దాయన టోపీ తీసేశాడు. ఎర్రటి ముఖం ఇంకా ఎర్రబడింది. ఇది వాన నీరు కాదనీ, ఊళ్ళో మురుగు నీటిని శుభ్రం చేసి ఇక్కడికి వదులుతారనీ, ఇందులో చేపని ఎవరూ తినకూడదనీ, నేను అసలే తినకూడదనీ చాలా నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళలో ఈ సరదా ఉన్నవాళ్ళు పట్టి వదిలేస్తారట. తినే ఆలోచన ఎవరికైనా వస్తుందని ఆయనకి తట్టనే లేదట. ఎలా తడుతుంది, మేము చెబితే కదా!

నేను బకెట్టు పక్కన కూలబడి ఏడ్చాను. కోపం మా ఆయన మీదో, ఆ నీళ్ళ మీదో, నా కడుపు మీదో తెలియలేదు. విమానం ఎక్కక తప్పదనిపించింది. కాసేపటికి పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని, విసిరెయ్యకూడదు, రెండు చేతుల్తో నీళ్ళలో పట్టుకో, దానికి ఊపిరి అందేదాకా ఆగు అని చూపించాడు. పట్టుకున్నాను. మొదట చచ్చుగా ఉంది. మొప్పలు ఒకసారి కదిలాయి, మరోసారి కదిలాయి. నా వేళ్ళ మధ్య దాని ఒళ్ళు గట్టిపడింది. తోక విదిలించి వెళ్ళిపోయింది. ఏడుస్తూనే, అది రెల్లులో ఏ మూలకి దూరిందోనని వంగి చూశాను.

ఇంటికి వచ్చేసరికి వంటిల్లంతా నానిన చింతపండు వాసన. ఎండలో నిలబడి వచ్చానేమో, ఎన్నాళ్ళకో నిజమైన ఆకలి వేసింది. పారబోయడానికి మనసొప్పక అదే మసాలాతో పులుసు పెట్టాను. చేప లేదు కాబట్టి నాలుగు బెండకాయలు వేశాను. తింటూ, దారం ఎలా బిగుసుకుందో, కర్ర ఎంత వంగిందో, ఒడ్డున అది ఎటు లాగిందో మా ఆయనకి చెబుతూనే ఉన్నాను, పక్కనే ఉండి చూసిన మనిషికి. చెబుతూ చెబుతూ రెండోసారి అన్నం పెట్టుకున్నానని నాకు తెలియనే లేదు. ఆయన చూశాడు కానీ, అంటే ఎక్కడ ఆగిపోతానోనని నోరెత్తలేదు. సాయంత్రం దాకా భయంభయంగా కూర్చున్నాను. తిన్నది కడుపులోనే నిలిచింది.

ఆ వారమంతా బెండకాయ పులుసే. తరవాత తూకం చూసిన రోజున డాక్టరమ్మ విమానం మాట ఎత్తలేదు.

ఆఫీసులో పెద్దాయన మొహమాటంగా, మీ ఆవిడ ఇక రారేమో అని అడిగాడట. మా ఆయన ఇంటికొచ్చి ఏం చెప్పమంటావన్నాడు.

"వస్తానని చెప్పండి. నాకు చేపలు పట్టడం నేర్చుకోవాలని చాలా ఆశ అని చెప్పండి. ఈసారి అది నిజమే."