దండచేతి తాయెత్తు

1974. బెజవాడ గవర్నర్‌పేటలో మా డాక్టరుగారి నర్సింగ్‌హోం. ఆ రోజుల్లో కిడ్నీ రోగులకు పథ్యం చెప్పగలవాళ్ళు జిల్లా మొత్తానికి ఇద్దరే. డాక్టరుగారు, నేను. ఒక్కోసారి ఆయనే నన్నడిగేవారు.

అడిగిన మాట నిజమే, కాఫీ వచ్చిందా అని. నేను కాంపౌండర్ని. ఆయన ఇంగ్లీషులో రాసిన డైట్ చార్ట్, అంటే ఏది ఎంత తినాలో చెప్పే చీటీ, రోగులకు తెలుగులో చదివి వినిపించడం నా పని.

కొల్లేటి లంక నుంచి గంగరాజు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. దోనె నడిపి రాటుదేలిన చేతులు. దండచేతికి కట్టిన తాయెత్తు కండలోకి దిగబడినట్టుండేది. కాళ్ళూ మొహమూ వాచాయి. బ్లడ్ యూరియా, అంటే కిడ్నీలు బయటికి పంపలేక రక్తంలో మిగిలిపోయే మలినం, బాగా పెరిగింది. రక్తం శుభ్రంచేసే మెషీన్ మా ఊళ్ళో లేదు. పథ్యమే దిక్కు.

చార్ట్ చేతపట్టి చెప్పాను. ఉప్పు లేదు, పప్పు లేదు, గుడ్డు లేదు, చేప అసలే లేదు.

“చేప వాసన కూడా పడకూడదాండీ?” అన్నాడు గంగరాజు.

“కూడదు.”

“అయితే ముందు మా ఆవిణ్ణి మానెయ్యాలి.”

కైకలూరులో చేపలమ్మే సత్తెమ్మ మొగుడి వీపు మీద ఒకటి చరిచింది. “నోర్ముయ్యి! తమరు చెప్పినట్టే చేత్తానండీ.”

రెండు నెలల్లో యూరియా తగ్గింది. బరువు తగ్గలేదు. అంతా నా చలవేనని నర్సింగ్‌హోమంతా చాటాను. మధ్యలో కాలిమీద లేచిన పుండు మానలేదు, దాంతో వచ్చిన జ్వరం వదల్లేదు. అవి నేను లెక్కచెయ్యలేదు.

“తాయెత్తు మోచేతి దాకా జారిపోతందండీ,” అంది సత్తెమ్మ.

“వాపు తీస్తోందిలే, మంచిదే.”

ఆ వారమే డాక్టరుగారు గంగరాజు చొక్కా చెయ్యి పైకి మడిచి చూసి, నన్ను పక్కగదిలోకి పిలిచారు. “తిండి లేక తగ్గిందయ్యా యూరియా. కండ కరిగిన చోట నీరు చేరింది, అందుకే కాటా కదల్లేదు. పుండూ జ్వరమూ ఉన్నవాడికి తిండి ఇంకా కావాలి. రోజుకో చేపముక్క తప్పనిసరని రాశాను. పెడుతున్నారా?”

రాశారు. నేనే చదివి వినిపించలేదు. ఒక ముక్కంటే నాలుగు తింటాడని అనుకున్నాను. అది సగం నిజం. అసలు వద్దంటేనే నా మాటకు బరువని, అది మిగతా సగం.

“పెడుతున్నారండీ. అతనికే సయించడం లేదు,” అన్నాను.

బయటికొచ్చి సత్తెమ్మతో, ఇక చేప పెట్టమన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. కానీ అప్పటికే గంగరాజుకు ముద్ద దిగడం లేదు. మరో నెలకు పోయాడు.

కర్మకాండ అయ్యాక సత్తెమ్మ ఒక కొర్రమీను తెచ్చి నా బల్ల పక్కన పెట్టింది.

“తమరు వద్దన్నన్నాళ్ళూ ఒక్క ముక్క ముట్టనివ్వలేదండీ. ఏడిచి మరీ అడిగాడు. అయినా పెట్టలా. నేనేవన్నా తప్పు చేశానాండీ?”

“లేదమ్మా. ఆ జబ్బే అలాంటిది.”

చేప తీసుకున్నాను.

ఎలాగూ పోయేవాడే అంటారు. కావచ్చు. ఆకలితో పోనక్కర్లేదు. ఆ తర్వాత ప్రతి చార్టూ అక్షరం పొల్లుపోకుండా చదివాను, ప్రతి కిడ్నీ రోగి దండచెయ్యీ దారంతో కొలిచాను. తప్పు నాదని మాత్రం ఇప్పుడే రాస్తున్నాను.

సత్తెమ్మకు చదువు రాదు.