ఉదయగిరి గొర్రెపిల్లలు, మరియమ్మ బొటనవేలు

మందల్లో మూతిపుండ్లు లేచాయని ఉదయగిరి పశువైద్యుడు కార్డు రాయగానే బయలుదేరాను. తొంభైల చివర్లో నేను హైదరాబాదులో పరిశోధన విద్యార్థిని. గొర్రెలకు ఆ పుండ్లు తెచ్చే వైరస్ ఒక తెలివైన పని చేస్తుంది. ఒంట్లో రోగనిరోధక కణాలను శాంతపరిచే సైటోకైన్ అనే సంకేత ప్రోటీన్‌కు నకలు తయారు చేసుకుంటుంది. ఆ నకలు, సంకేతాన్ని అందుకునే కణం మీది రిసెప్టర్‌కు ఏ వంపు దగ్గర, ఎలా అతుక్కుంటుందో తేల్చడం నా పని. అందుకు పుండ్ల మీది పక్కులు కావాలి.

నెల్లూరులో ఉదయం ఆరింటి బస్సెక్కితే ఏడున్నరకు ఆత్మకూరు. అక్కడ ఇడ్లీ తిని, ఇంకో బస్సులో పదింటికి ఉదయగిరి చేరాను. కొండ పక్క పల్లెకు ఆటో ముప్పై రూపాయలు.

మంద ఉన్న ఇంటి కోడలు మరియమ్మ గొర్రెపిల్లల్ని పట్టుకుంటే, నేను తొడుగులు వేసుకుని పక్కులు తీశాను. ఆమె బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఏమిటని అడిగితే విప్పి చూపింది. ఎర్రటి బొబ్బ, నడుమ తెల్లగా.

"పెద్దరోగమని మా అత్త బిడ్డను నా చేతికి ఇయ్యడంలేదు మేడం. నాలుగు దినాలాయ. మేకపాలు పోస్తా ఉండాది. నాకేమో రొమ్ములు సలపరిస్తా ఉండాయి" అంది.

అత్త సారమ్మ మూడునెలల బిడ్డనెత్తుకుని గుమ్మంలోనే నిలబడింది.

"ఇది గొర్రెపిల్లల నుంచి అంటిందే అనుకుంటానమ్మా" అన్నాను.

"నువ్వు డాక్టరువా?"

"కాదు."

"మరెట్టా చెప్తావు?"

ఆ నకలు ప్రోటీన్ గురించి గంటసేపు చెప్పగలను. బిడ్డ పాలు తాగొచ్చని మాత్రం చెప్పలేను. "ఆత్మకూరు ఆసుపత్రికి పోదాం రండి" అన్నాను.

ఒంటిగంట బస్సులో సారమ్మ బిడ్డతో ముందు సీట్లో, మరియమ్మ నా పక్కన కూర్చున్నారు. బిడ్డ ఏడ్చినప్పుడల్లా మరియమ్మ కిటికీ వైపు తిరిగేది.

డాక్టరు వేలు చూసి తేల్చేశాడు. "కుష్టు కాదు. గొర్రెల నుంచి వచ్చింది. నెలా నెలన్నరకు అదే మానిపోద్ది. పుండు బిడ్డకు తగలకుండా కట్టు కట్టుకో, పాలియ్యి."

"నిజంగా ఏం కాదా సారూ?" అని సారమ్మ అడిగింది. కోడలి వైపు తిరిగి, "నా కడుపున పుట్టినోడొకడు ఇట్టనే పుండ్లతో పోయినాడే. అందుకే భయపడినాను" అంది. కట్టు కట్టిన ఆ చేతిని తానే పట్టుకుని బిడ్డ వీపు కిందికి చేర్చింది.

ఆ సాయంత్రం నేను నెల్లూరు చేరేసరికి నా రైలు వెళ్లిపోయింది. ఆ నకలు ప్రోటీన్ అతుక్కునే తీరు చూపే నా బొమ్మ చివరికి పూర్తి కాలేదు కూడా. అయినా ఆసుపత్రి వరండాలో ఆ తల్లి పాలిస్తూ కళ్లు మూసుకున్న క్షణం తలుచుకుంటే, ఆ ప్రయాణం దండగైందని ఎన్నడూ అనిపించలేదు.

అటువైపు మందలు చూడబోయేవారికి ఒక్క మాట: చేతిమీద గాట్లుంటే కప్పుకోండి, గొర్రెపిల్లల్ని ముట్టుకున్నాక సబ్బుతో కడుక్కోండి.