బాబాయ్ గారి గేర్ల సైకిలు

ఇంటర్నెట్టు ఇంకా ఫోన్లలోకి దిగని ఆ కాలంలో మనుషులకు ఒక గొప్ప వెసులుబాటు ఉండేది. మొహం చూపించకుండా ఎవరం ఏమైనా అయిపోవచ్చు. నేనైతే ఒక పెద్దాయన అయిపోయాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. బూర్గంపాడులో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరు ఉద్యోగం. భద్రాచలంలో ఎవరో వదిలించుకున్న పాత గేర్ల సైకిలు కొని, సాయంత్రాలు దాన్ని విప్పడం, మళ్లీ బిగించడం, మిగిలిపోయిన నట్లు ఎక్కడివా అని ఆలోచించడం నా కాలక్షేపం. ("పెండ్లిచూపులకు వచ్చెటోళ్లకు ఆ స్పానర్ కనపడనీయకు" అనేది నాయనమ్మ.) ఊళ్లో గేర్ల సంగతి మాట్లాడటానికి ఒక్క మనిషి లేడు. అందుకే స్కూలు వదిలాక అక్కడి కంప్యూటర్లో, సైకిలు పిచ్చివాళ్లందరూ కూడే ఒక ఫోరంలో చేరాను. పేరు రాయాల్సిన గడి దగ్గరికి వచ్చేసరికి, నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన మా బాబాయ్ బయట మోపెడ్ హారను మోగిస్తూ "జల్దీ రా బిడ్డా, ఎంతసేపు!" అని అరుస్తున్నాడు. ఆ తొందరలో 'బాబాయ్' అని కొట్టేశాను.

మర్నాటి నుంచి "బాబాయ్ గారూ, నమస్కారం" అంటూ జవాబులు. సరిదిద్దుదామనే అనుకున్నాను గానీ, ఆ 'గారు' రుచి మరిగాను. నా సైకిలు మీద చేసిన పొరపాట్లన్నిటినీ జీవితానుభవాలుగా మార్చి, "నాయనా, చైను అలిగితే బలవంతం చేయకు, బుజ్జగించు" అని రాసేదాన్ని. హైదరాబాదు నుంచి ఒకతను ('పంచర్ రాజా' అని పేరు పెట్టుకున్నాడు) పెళ్లి ముందా, మంచి సైకిలు ముందా అని అడిగితే, లేని ముసలితనం తెచ్చుకుని, "సైకిలే ముందు. పెళ్లయ్యాక పర్మిషన్ కావాలి" అని తీర్పు కూడా ఇచ్చాను.

కొన్నాళ్లకు ఆ పంచర్ రాజా పిడుగులాంటి కబురు రాశాడు. ఇద్దరు మిత్రులతో కలిసి కొత్తగూడెం దాకా రైల్లో వచ్చి, ఆదివారం నా దర్శనం చేసుకుని, నా వెనకే అశ్వారావుపేట వైపు అడవి దారిలో తొక్కుతారట! గేర్ల గురించి మాట్లాడుకోవడానికి నాకున్నది వాళ్లే. నిజం తెలిస్తే మళ్లీ గుమ్మం తొక్కనిస్తారా? పోయి, సంగతంతా చెప్పి, ఆ ఒక్క రోజూ నా బదులు నిలబడమని బాబాయ్‌ని బతిమాలాను.

"నేను సైకిల్ ఎక్కక ఎన్నేండ్లాయెనో! నాకేం తెలుసే?"

"తెల్వనక్కర్లే బాబాయ్. ఊకె తల ఊపు. వాళ్లు నిన్ను గురువుగారంటరు."

"గురువుగారంటరా?" అని ఆయన అద్దం వైపు తిరిగి మీసం సవరించుకున్నాడు. పని అయిపోయింది.

ఆదివారం పొద్దున ఇస్త్రీ పంచెలో బాబాయ్ సిద్ధం. ముగ్గురూ వంగి కాళ్లకు దండం పెట్టేసరికి, ఊపమన్న తల సంగతి మరిచిపోయి విజృంభించాడు. పంచర్ రాజా తెచ్చిన సైకిలు చక్రానికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "దీనికి వాతం చేసింది" అన్నాడు.

"అవ్ సార్! మిట్ట ఎక్కేటప్పుడు మూలుగుతది!" అని అతను చేతులు జోడించాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. "ముందు మీరే తొక్కాలె" అని వాళ్లు పట్టుబట్టడం, పొగడ్త తలకెక్కిన ఈయన నా సైకిలు ఎక్కేయడం క్షణంలో జరిగిపోయాయి. నేను ఆయన మోపెడ్ నడుపుకుంటూ వాళ్ల వెనక. దారి పల్లంగా ఉన్నంతసేపూ మహారాజులా పోయాడు. అడవిలో మొదటి మిట్ట రాగానే హ్యాండిల్ దగ్గరున్న గేర్ల మీటలు కనబడ్డాయి. అవేమిటో తెలియక రెండింటినీ ఒకేసారి తిప్పేశాడు. టక్కున చైను జారి వెనక పళ్లచక్రానికీ చక్రం పుల్లలకూ మధ్య ఇరుక్కుంది, దాంతోపాటే పంచె అంచూ. సైకిలూ గురువుగారూ కలిసి పక్కనున్న తుప్పల్లోకి వెళ్లారు.

శిష్యులు ఉరికారు. దెబ్బలేమీ తగల్లేదు గానీ, ఎవరు ఎటు లాగినా పంచె ఊడి వచ్చేట్టుంది. "ముట్టకుండ్రి!" అని గర్జించి, నడుము దగ్గర రెండు చేతులతో పట్టుకుని, బాబాయ్ నా వైపు తిరిగాడు. "ఏం చూస్తున్నవే? నీ గురువు వేషం గంగల కలువ! రోజూ రాసే బాబాయ్‌వి నువ్వే కదా, వచ్చి జల్దీ విప్పు!"

నేను తలెత్తకుండా వెళ్లి, సంచిలోంచి స్పానరు తీసి, వెనక చక్రం వదులు చేసి, చైనును మెల్లగా తప్పించి ముందు ఆయన మానం కాపాడాను. తర్వాత చైను ఎక్కించి పెడలు తిప్పితే సాఫీగా తిరిగింది. ఇక వీళ్లు వెనక్కి తిరిగిపోతారు అనుకుంటుండగా, పంచర్ రాజా గొంతు సవరించుకున్నాడు.

"బాబాయ్... అంటే, మేడమ్. ఆ పెండ్లి సలహా గూడ మీరే ఇచ్చిండ్రా?"

"అవ్."

"నేను సైకిల్ కొని, వచ్చిన సంబంధం వద్దన్న మేడమ్! ఆ బాబాయ్ ఎవరో ఒక్కసారి చూపియ్‌మని మా అమ్మ కర్ర పట్టుకొని కూసున్నది!"

ముందు నవ్వింది తుప్పల్లో ఉన్న బాబాయే. ఆ తర్వాత ఎవరం ఆపుకోలేకపోయాం. ఆయన మోపెడ్ మీద ఇంటికి వెళ్లిపోతే, వాళ్లు నన్ను ముందుంచుకుని తొక్కారు. పామాయిల్ తోటలు వచ్చేదాకా గేర్ల గురించి నోరు నొప్పి పుట్టేలా మాట్లాడాను. సొంత గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

మరుసటి వారం ఫోరంలో వాళ్లు తీసిన నా ఫొటో పెట్టారు. చున్నీ నడుముకు కట్టుకుని, చేతిలో స్పానరుతో, లోకాన్ని జయించినట్టు నవ్వుతున్నాను. చెమట తుడుచుకున్న ప్రతిసారీ అంటిన గ్రీజు వల్ల ముక్కు కింద అటూ ఇటూ రెండు నల్లటి గీతలు. ఆ రోజంతా ఒక్కడూ చెప్పలేదు, దుర్మార్గులు! ఫొటో కింద పంచర్ రాజా రాశాడు: "మనం మోసపోలేదు సోదరులారా. బాబాయ్‌కి మీసాలున్నయ్."

ఆ ఫోరం ఎప్పుడో మూతపడింది. ఫొటో మాత్రం నా దగ్గర ఉంది. ఇప్పటికీ దాన్ని చూసినప్పుడల్లా, నాకు తెలియకుండానే నా చెయ్యి పైపెదవి తుడుచుకుంటుంది.